లామినేషన్ చేయించిన డిగ్రీ, ఒక హెచ్ తగ్గిన పెళ్లి సర్టిఫికెట్

మా ఆయనకి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చి ముందు తను వెళ్ళిపోయారు. నన్నూ పాపనీ తీసుకెళ్ళాలంటే పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించి పంపమన్నారు. అక్కడ టీచర్ ఉద్యోగం ఏదైనా చూసుకుందామని నా డిగ్రీ కూడా ఆ కట్టలో పెట్టాను. అటెస్టేషన్ అంటే ఏమిటో నాకు తెలుసనే అనుకున్నాను, జిరాక్స్ కాపీ మీద గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకుతో సంతకం పెడతాడే, అదేగా!

అది కాదని ఏజెంట్ అబ్బాయి మొదటి రోజే చెప్పాడు. చెప్పడం కూడా నా డిగ్రీని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి, "మేడమ్, ముద్ర ఎక్కడ వేయాలి, ప్లాస్టిక్ మీదా?" అని.

తప్పు నాన్నది, ప్రేమతో చేసిన తప్పు. కాన్వొకేషన్ అయిన వారంలోనే, పాడవకుండా ఉంటుందని, జిరాక్స్ షాపులో మందపాటి లామినేషన్ చేయించి బీరువాలో చీరల కింద పెట్టాడు. విదేశాలకి పంపే సర్టిఫికెట్‌కి ముద్రలన్నీ ఒరిజినల్ వెనక వైపే పడాలి, అంటే కాగితం బయటికి రావాలి. మా వదిన ఇస్త్రీపెట్టె పెట్టి చూడమంది, పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. చివరికి ఒక షాపాయన హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేస్తూ, బ్లేడు అంచుతో ప్లాస్టిక్‌ని దారంలా లేపుతూ దాదాపు ముప్పావు గంట కూర్చున్నాడు, నేను ఊపిరి బిగపట్టి పక్కనే నిలబడ్డాను. యూనివర్సిటీ ముద్ర దగ్గర గోరంత సిరా ప్లాస్టిక్‌తో పాటు లేచిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తర్వాత ఏ ఆఫీసులోనూ ఎవరూ దాని గురించి అడగలేదు.

ఎందుకు అడగలేదో నాకు తర్వాత అర్థమైంది. ఈ వ్యవహారంలో రాష్ట్ర ప్రభుత్వం మెట్టు దాటాక మీ కాగితంలో ఏం రాసుందో ఎవరికీ పెద్దగా పట్టదు. ఆ పై ప్రతి ఆఫీసూ ముఖ్యంగా చూసేది తనకంటే ముందు పెట్టిన సంతకాన్నీ ముద్రనీ. ముందు రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఆ అధికారం ఉన్న ఆఫీసరు సంతకం పెడతాడు. ఆయన సంతకం నమూనా విదేశాంగ శాఖ దగ్గర ఉంటుంది, దాంతో పోల్చి వాళ్ళు తమ ముద్ర వేస్తారు. విదేశాంగ శాఖ ముద్ర చూసి ఆ దేశం ఎంబసీ వేస్తుంది, ఎంబసీ ముద్ర చూసి అక్కడ దిగాక వాళ్ళ విదేశాంగ శాఖ వేస్తుంది. అందుకే వరస తప్పితే కుదరదు, పైవాడి దగ్గరకి నేరుగా వెళ్తే "కిందిది ఏదమ్మా" అంటారు. ఒకప్పుడు దీని కోసం ఢిల్లీలో విదేశాంగ శాఖ ఆఫీసున్న పటియాలా హౌస్ దాకా కాగితం పోవాల్సిందే, 2019 నుంచి హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్‌లో కూడా చేస్తున్నారు. కానీ కౌంటర్ దగ్గరికి మనం వెళ్ళి ఇవ్వడానికి లేదు, శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి.

ఇక అపోస్టిల్ సంగతి. ఇన్ని ముద్రల బదులు కాగితం మీద వేసే ఒకే ధ్రువీకరణ అది. దీని వెనక ఉన్నది 1961 నాటి హేగ్ ఒప్పందం, మన దేశంలో 2005 జులై నుంచి అమల్లో ఉంది. అవతలి దేశం కూడా అందులో ఉంటే విదేశాంగ శాఖ వేసే ఒక్క స్టిక్కర్‌తో పని అయిపోతుంది, ఎంబసీ మెట్లు ఎక్కక్కర్లేదు, ప్రభుత్వం తీసుకునేది పత్రానికి 50 రూపాయలు, ఏజెన్సీ ఛార్జీ వేరే. గల్ఫ్ అంతా ఒకటే అనుకుని మోసపోయేది ఇక్కడే. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ 2022 డిసెంబర్‌లో ఇందులోకి వచ్చాయి. దుబాయ్ ఉన్న యూఏఈ, ఇంకా ఖతార్, కువైట్ రాలేదు. మా మరిది రియాద్‌లో ఉంటాడు, తనకి స్టిక్కర్ సరిపోయింది, నాకు సరిపోదు. ఇంకో తిరకాసు జర్మనీ. ఆ దేశం ఒప్పందంలో ఉంది, మనమూ ఉన్నాం, కానీ మన చేరికకి వాళ్ళు అభ్యంతరం చెప్పారు కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. అందుకని కాగితం చేతికిచ్చే ముందు ఏజెంట్‌ని కాదు, అవతల దాన్ని తీసుకోబోయే కంపెనీనో యూనివర్సిటీనో అడగండి. ఏజెంట్‌కి ఎన్ని ముద్రలైతే అన్ని డబ్బులు.

డిగ్రీ తర్వాత పెళ్లి సర్టిఫికెట్ మొదలైంది. మా ఆయన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా ఉంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక హెచ్ తగ్గింది. ఎనిమిదేళ్ళుగా ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది, ఇద్దరిలో ఒక్కరం చూడలేదు. మన తెలుగు వాళ్ళ పేర్లతో ఉన్న బాధే ఇది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం విడదీసి, పెళ్లి కాగితంలో గుమస్తాకి ఎలా వినపడితే అలా. ముద్రలు పడ్డాక సరిచేయించుకుంటే కొత్త కాగితానికి మళ్ళీ మొదటి మెట్టు నుంచే, డబ్బులూ మళ్ళీ కట్టాలి. నాది ముద్ర పడకముందే దొరికింది కాబట్టి మూడు వారాలు, నాలుగు సార్లు తిరగడంతో పోయింది. పాప బర్త్ సర్టిఫికెట్‌లో అసలు పేరే ఎక్కించలేదని అప్పుడే తెలిసింది, అదొకటి.

ఇవన్నీ చూసి నవ్విన మా తమ్ముడికి కూడా తగిలింది. వాడు గుంటూరులో మిర్చి పొడి వ్యాపారం చేస్తాడు, దుబాయ్‌లో బ్రాంచి పెడదామని మొదలుపెట్టాడు. కంపెనీ కాగితాలకి దారి వేరు: కంపెనీ నమోదైనట్టు ఇచ్చే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, కంపెనీ ఏ పనుల కోసమో చెప్పే మెమొరాండం, బోర్డు తీర్మానం, అక్కడ సంతకాలు పెట్టే మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ, వీటికి నోటరీ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బదులు ఛాంబర్ ఆఫ్ కామర్స్, ఆపైన మామూలే. నోటరీ ఆయన మెమొరాండం పేజీలన్నీ కలిపి స్టేపుల్ కొట్టి, పేజీకీ పేజీకీ మధ్య సగం సగం పడేలా ముద్ర వేశాడు. వీడు స్కాన్ బాగా రావాలని స్టేపుల్ పిన్ను పీకి, స్కాన్ తీసి, మళ్ళీ కొట్టాడు. పాత చిల్లులు పక్కన కనిపిస్తున్నాయి, సగం ముద్రలు ఒకదానితో ఒకటి కలవట్లేదు.

"అక్కా, పిన్ను పీకినందుకు మళ్ళీ మొదటి నుంచి చేయమంటున్నారు" అని ఫోన్ చేశాడు, ఏడుపొక్కటే తక్కువ.

నేను నవ్వలేదు, కొంచెమే నవ్వాను. వాడికి అసలు షాక్ దుబాయ్ ఖర్చుల దగ్గర తగిలింది. యూఏఈ విదేశాంగ శాఖలో నా పెళ్లి సర్టిఫికెట్‌కి 150 దిర్హమ్‌లు, మెమొరాండం లాంటి కంపెనీ పత్రానికైతే 2000. దానికి తోడు అక్కడి న్యాయశాఖ లైసెన్స్ ఉన్న అనువాదకుడితో అరబిక్ చేయించాలి, ముద్రల మీద రాతలతో సహా. తను లెక్కేసుకున్న బడ్జెట్‌లో ఇవేవీ లేవు పాపం.

నాకు మొత్తం రెండున్నర నెలలు పట్టింది, తమ్ముడిది ఇంకా నడుస్తోంది. డిగ్రీ వెనక వైపు ఇప్పుడు వేలు పెట్టేంత ఖాళీ లేదు. వెళ్ళేముందు మా ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ముద్ర ముద్రా చదివి, జాగ్రత్తగా కవర్లో పెట్టి, "ఇంత ఖర్చు పెట్టావు కదమ్మా, చెరిగిపోకుండా ఒకసారి లామినేషన్ చేయించుకురానా?" అన్నాడు.