పోర్ట్ బ్లెయిర్‌లో తొందర లేని ఒక రోజు

అండమాన్ వెళ్లేవాళ్లలో చాలామందికి పోర్ట్ బ్లెయిర్ అంటే విమానం దిగే చోటు, మర్నాడు హావ్‌లాక్ దీవికి ఫెర్రీ ఎక్కే చోటు. మధ్యలో టైముంటే సెల్యులార్ జైలు. మా ట్రావెల్ ఏజెంటు వేసిచ్చిన ప్లాను కూడా అచ్చం అలాగే ఉంది. ఒక రోజంతా ఏమీ పెట్టకండి, ఊళ్లో ఊరికే తిరుగుతాం అంటే, "ఊళ్లో ఏముంటుంది మేడం?" అన్నాడాయన. 2024 సెప్టెంబరులో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. కాగితాల సంగతి ఎలా ఉన్నా, మేం ఎక్కిన ఆటోలవాళ్లంతా పోర్ట్ బ్లెయిర్ అనే అన్నారు. నేనూ అదే రాస్తాను.

నేను, మావారు, మా అత్తగారు, పిల్లలిద్దరు. నవంబరు నెల. ఇంట్లో ఏడింటికి కూడా లేవని పిల్లలు అక్కడ అయిదుంబావుకే లేచి కూర్చున్నారు. కిటికీలోంచి వెలుతురు ముఖాన పడుతుంటే ఎవరు మాత్రం పడుకుంటారు? మన దేశమంతటికీ ఒకటే టైము. దాన్ని 82.5 డిగ్రీల రేఖాంశం చూసి పెట్టారు. ఈ దీవులేమో దాదాపు 93 డిగ్రీల దగ్గర, మయన్మార్ వైపు ఉన్నాయి. అందుకని సూర్యుడు పెందలాడే వస్తాడు, సాయంత్రం అయిదు కాకుండానే వెళ్లిపోతాడు.

ఎలాగూ లేచాం కదా అని టీ తాగి జంగ్లీఘాట్ వెళ్లాం. చేపల పడవలు వచ్చే రేవు అది. ఐసు పెట్టెల మధ్య తప్పుకుంటూ నడుస్తుంటే చెవిన పడ్డది తెలుగే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారుల కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఈ ఊళ్లో తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయని మావారికి అప్పుడే తెలిసింది. ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని వంజరం కోస్తోంది. చేపని ఎడం చేత్తో తిప్పుతూ, పీట వైపు చూడకుండానే, ముక్కలన్నీ ఒకే మందంలో తెగ్గొడుతోంది. మా అత్తగారు అక్కడే ఆగిపోయారు.

"ఏ ఊరమ్మా మీది?"

"మా తాతోళ్లది సిక్కోలు పక్కనమ్మా. నానిక్కడే పుట్టాను."

అంతే, ఇద్దరూ కబుర్లలో పడ్డారు. కొత్త మనిషితో అయిదు నిమిషాల్లో పెళ్లిళ్లు, పురుళ్ల దాకా వెళ్లిపోవడం మా అత్తగారికి వెన్నతో పెట్టిన విద్య. చేప కొంటామంటే ఆవిడే వద్దంది. "లాడ్జిలో ఉన్నోళ్లు చేపేటి సేసుకుంటారు? రాత్రికి ఆ మెస్సుకెళ్లండి, మన పులుసే పెడతారు" అని చెయ్యి చూపించింది. ఎండుచేపలు మాత్రం కొనిపించింది. అవి సూట్‌కేసులో ఎలా పెట్టాలన్నది తర్వాత మా ఇంట్లో పెద్ద చర్చ అయింది.

టిఫిన్ అయ్యాక ఛాతమ్. ఇదో చిట్టి దీవి, వంతెన దాటి వెళ్లిపోవచ్చు. 1883లో పెట్టిన సర్కారు రంపపు మిల్లు ఉందిక్కడ. అండమాన్ పడౌక్ చెట్టు దుంగ కోసినచోట ఎర్రగా, తడి ఇటుక రంగులో ఉంటుంది. పొట్టు వాసన బయటికొచ్చాక కూడా బట్టలకు అంటుకునే ఉంది. 1942లో జపాన్‌వాళ్లు వేసిన బాంబుకి పడ్డ గొయ్యిని అలాగే ఉంచారు. పిల్లలకి మిల్లు కంటే ఆ గొయ్యే నచ్చింది.

ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఎవరూ చూడమని చెప్పనిది. ఛాతమ్ జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కి బండ్లనీ మనుషుల్నీ కలిపి దాటించే ఫెర్రీ ఒకటుంది. టూరిస్టు బోటు కాదు, ఊరి బస్సు లాంటిది. స్కూటర్లు, ఒక సిమెంటు లారీ, గ్యాస్ సిలిండర్లు, ఆఫీసుకి టైమైపోతున్న జనం. మేం ఊరికే ఎక్కాం. అవతల దిగి, కొబ్బరి బోండాలు తాగి, పని లేదు కాబట్టి అదే ఫెర్రీలో వెనక్కి వచ్చాం. మౌంట్ మణిపూర్ అని ఇప్పుడు పిలుస్తున్న పాత మౌంట్ హారియట్ కొండ అటువైపే ఉంది. ఎక్కుదామా అన్నారు మావారు. ఎవరూ జవాబివ్వలేదు. ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

మధ్యాహ్నం అన్నం తిని అందరం పడుకున్నాం. సెలవంటే అది కదా.

మూడింటికి అబెర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర మొదలుపెట్టి జైలు వైపు ఎక్కాం. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలుకి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక రెక్కలోని గదుల ముఖం పక్క రెక్క వీపు వైపు ఉంటుంది, ఒకరికొకరు కనపడకుండా. తలుపు గడియ గోడలో తొలిచిన గూట్లోకి పోతుంది. మా అబ్బాయి ఒక గదిలోకెళ్లి, ఊచల్లోంచి భుజం దాకా చెయ్యి బయటపెట్టి గడియ అందుకోవాలని చూశాడు. అందలేదు. చెల్లెలు నవ్వితే వాడు నవ్వలేదు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను పంపింది అండమాన్‌కే, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికైందీ ఆయనే అని మావారు చెబుతుంటే వాడు మాట్లాడకుండా విన్నాడు.

కిందికి దిగితే మెరీనా పార్కు. మావారి పర్సులో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఒకటుంది. దాని వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ బొమ్మ ఇక్కడిదే. నీళ్లకవతల నార్త్ బే వైపు చూస్తూ పిల్లలు నోటుని అటూ ఇటూ తిప్పి పోల్చారు. "నోట్లో చెట్లు ఎక్కువున్నాయి" అని మా అమ్మాయి తేల్చేసింది. పక్కనే 1859 మే 17న జరిగిన అబెర్డీన్ యుద్ధం స్మారకం ఉంది. విల్లంబులతో బ్రిటిష్‌వాళ్ల తుపాకుల మీదికి వచ్చిన అండమాన్ ఆదివాసుల పోరాటం అది. జైలు ముందున్న క్యూలో పదోవంతు జనం కూడా ఇక్కడ లేరు. నాకది నచ్చలేదు.

చీకటి పడేసరికి గడియారంలో ఇంకా అయిదే. పిల్లలకి ఆకలి. ఆరింటికల్లా పొద్దున ఆవిడ చెప్పిన మెస్సులో విస్తళ్ల ముందున్నాం. వంజరం పులుసు వేడివేడిగా వచ్చింది. మా అత్తగారు ఒక ముద్ద తిని, "చింతపండు కాస్త తగ్గింది" అని వడ్డించే అబ్బాయితో అనేసి, అదే పులుసు ఇంకో రెండు గరిటెలు పోయించుకున్నారు.