అనప అడిగితే ఆనప వచ్చింది

పోయినేడు జూన్ సంగతి. మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు అక్షరాల్లో "అనప సీడ్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా" అని టైప్ చేసి పెట్టా. మాది మదనపల్లె వైపు, అనపకాయలంటే ప్రాణం, సంక్రాంతి ముందు చలికి కాసే ఆ కాయల వాసన చేతులకి అంటుకుంటే సబ్బుతో కడిగినా పోదు, గింజలు వలిచి రాత్రి నానేసి పొద్దున్నే ఒక్కొక్కటే పితికి తోలు తీస్తే అది పితికిపప్పు, దాంతో పులుసుకూర చేసి రాగిసంగటిలోకి వేసుకుంటే... సరే, ఇది మొదలుపెడితే ఆపలేను. రాజమండ్రి దగ్గర ఉండే ఒకావిడ వెంటనే "నా దగ్గరున్నాయండీ, పంపిస్తా" అన్నారు. అయిదు రోజులకి కొరియర్ వచ్చింది. కవర్ చించి చూస్తే చదునుగా, చివర రెండు చిన్న చెవులతో సొరకాయ గింజలు.

ఫోన్ చేశా. "అదేంటండీ, మీరడిగింది ఆనపే కదా" అన్నారు ఆవిడ, పాపం నిజంగానే కంగారుపడి.

ఆవిడ తప్పేం లేదు. గోదావరి జిల్లాల్లో ఆనపకాయంటే సొరకాయ. మా చిత్తూరు వైపు అనపకాయంటే చిక్కుడు జాతి గింజ, బెంగళూరు వాళ్ళు అవరెకాయి అంటారే, అది. నోటితో అడిగుంటే ఆ ఒక్క దీర్ఘం పట్టించేసేది, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసరికి అకి ఆకి తేడా లేకుండా పోయింది. తెలుగు కీబోర్డు ఫోన్‌లో పెట్టుకుని కూడా వాడని నా బద్ధకానికి శిక్ష అనుకోండి. మళ్ళీ అడిగి, ఈసారి ఫోటో పెట్టి మరీ అడిగి తెప్పించుకునేసరికి ఆగస్టు ఆఖరు. ఆలస్యంగా వేసిన తీగ సంక్రాంతికి నాలుగు గుప్పిళ్ళు కాసింది, అంతే, ఒక్క పూట కూర.

ఆ సొర గింజలు పారేయబుద్ధి కాక ఒక టబ్బులో గుచ్చితే మాత్రం తీగ పందిరి దాటి వాటర్ ట్యాంకు ఎక్కేసింది. కింద ఫ్లాట్‌లో ఉండే వరంగల్ అమ్మాయి పైకొచ్చి చూసి "ఆనిగెపుకాయలు మస్తు కాసినయ్ గదక్కా" అంది. హైదరాబాద్‌లో మా బిల్డింగు ఒక్కటే, తీగ ఒక్కటే, పేర్లు మాత్రం మూడు.

ఇందులో నాకు చిరాకేం లేదు. చిరాకంతా "కరెక్టుగా అయితే ఇలా అనాలండీ" అనేవాళ్ళతో. పుంటికూర అని రాస్తే "గోంగూర అనండి" అని ఒకరు, గోకరకాయ అంటే "గోరుచిక్కుడు కదా" అని ఇంకొకరు, మేం మటిక్కాయ అంటే ఇద్దరూ కలిసి నవ్వుతారు. ఉల్లిపాయని ఎర్రగడ్డ అన్నందుకు, వెల్లుల్లిని తెల్లగడ్డ అన్నందుకు హాస్టల్లోనే నా కోటా అయిపోయింది, బంగాళాదుంపని ఉర్లగడ్డ అన్నందుకు ఎక్స్‌ట్రా. గ్రూపులో చేరిన కొత్తలో "మా టమాటా చెట్టుకి ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి" అని అడిగితే మొదటి జవాబు ఏంటో తెలుసా? "చెట్టు కాదండీ, మొక్క." ఆకు ముడతకి మందు ఎవరూ చెప్పలేదు. మా వైపు మొలకెత్తి నాలుగాకులు వేస్తే చాలు, చెట్టే. పైగా ఆ సరిదిద్దినాయన ఇంట్లో తులసి మొక్కకి పూజ చేస్తారా, తులసి చెట్టుకి చేస్తారా అని అడగాలనిపించింది కానీ పెద్దాయన, ఊరుకున్నా.

అయితే పేర్ల తేడాతో నిజంగా దెబ్బతినే సందర్భాలూ ఉన్నాయి, కంద అందులో నంబర్ వన్. మా ఆఫీసులో భీమవరం అమ్మాయి కందబచ్చలి చేద్దామని, మెదక్ నుంచి వచ్చే ఇంకో కొలీగ్‌ని "మీ ఊర్లో కంద దొరుకుతుందా" అని అడిగింది. ఆమె ఎంతో ప్రేమగా రెండు కేజీల కందగడ్డలు మోసుకొచ్చింది. తెలంగాణలో చాలాచోట్ల కందగడ్డంటే శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకుని తినే తియ్యటి గడ్డ, కోస్తాలో చిలగడదుంప, మాకు గెణుసుగడ్డ. గోదావరి వాళ్ళ కందేమో సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురదపెట్టేసే రకం. చిలగడదుంపతో బచ్చలి ఎలా ఉంటుందో ఆ అమ్మాయి వండి మరీ తెలుసుకుంది, పారేయడం ఇష్టంలేక. తియ్యగా ఉందంట. ఇంకేం చెప్పలేదు.

ఇక పలకడం విషయం. ఇక్కడ నాకు రెండు నాలుకలున్నాయని ముందే ఒప్పేసుకుంటా. కడియంలో తరాలుగా అంట్లు కట్టుకుంటున్న నర్సరీ మనిషి బోగన్‌విలియాని "బొగడవిల్లి" అన్నా నాకు ముద్దుగానే ఉంటుంది, ఆయన కట్టిన అంటు బతుకుతుంది, అది చాలు. అసలు అది 1766లో ఫ్రాన్స్ నుంచి ప్రపంచం చుట్టిరావడానికి ఓడెక్కిన బోగన్‌విల్ అనే ఆయన పేరు, మనం ఎలా పలికినా ఫ్రెంచివాడికి తప్పుగానే వినిపిస్తుంది, కాబట్టి హాయిగా కాగితం పూలు అనుకుంటే గొడవే లేదు. కానీ వీడియోలు పెట్టి గార్డెనింగ్ నేర్పించేవాళ్ళు "గులాబీలకి ఎప్సన్ సాల్ట్ వేయండి ఫ్రెండ్స్" అంటే మాత్రం పళ్ళు నూరుకుంటా. ఎప్సన్ అంటే ప్రింటరు. ఇది ఎప్సమ్, ఇంగ్లండులో ఒక ఊరి పేరు, ఆ ఉప్పు మెగ్నీషియం సల్ఫేటు. అలాగే కోకోపిట్. పిట్ అంటే గొయ్యి కదా, పీట్ అనాలి అని చెప్పబోయి ఆగిపోతా, ఎందుకంటే పీట్ అనేది కూడా అరువు పేరే, అసలు పీట్ చిత్తడి నేలల్లో ఏళ్ళ తరబడి పేరుకునే నాచు మట్టి, మనం నీళ్ళలో నానేసేది కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టు! ఇంత చక్కటి మాట ఉంది, ఇటుకలా నొక్కి కవర్ వేసేసరికి ఇంగ్లీషైపోయింది.

జేడ్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ గోల ఇంకోటి. మనకి ఇంగ్లీషు Z శబ్దానికి అక్షరం లేదు, దాంతో నర్సరీలో జేడ్ అడిగితే జెడ్‌జెడ్ ఇస్తారు, జెడ్‌జెడ్ అడిగితే "జీజీనా మేడమ్" అంటారు. ఇప్పుడు నేనూ జీజీ అనే అడుగుతున్నా, సరైన మొక్క వస్తోంది.

స్లాంగ్ దగ్గరికొస్తే నా బీపీ పెరుగుతుంది. "మా బేబీస్ చూడండి" అని ఫోటో పెడితే పసిపిల్లలేమో అని తెరుస్తా, చూస్తే కలబంద పిలకలు. పిలక అంటే ఎంత బాగుంటుంది, అలాగే పిందె. "ఫ్రూట్ సెట్ అయ్యింది" అంటారు, "పిందె పడింది" అనడానికి ఏమొచ్చింది? రెండు మిరపకాయలు, ఒక వంకాయ ప్లేట్లో పెట్టి "టుడేస్ హార్వెస్ట్" అట. మా నాయన మూడెకరాల్లో వేరుశనగ పీకించినప్పుడు కూడా అంత పెద్ద మాట వాడలేదు. తామర పురుగుని థ్రిప్స్ అంటారు, అందులో సగం మంది ట్రిప్స్ అంటారు, ఎక్కడికో టూర్ వెళ్ళొచ్చినట్టు. 2021లో గుంటూరు, ఖమ్మం మిర్చి రైతుల్ని నల్ల తామర పురుగు నిలువునా ముంచినప్పుడు పేపర్లన్నీ ఆ పేరుతోనే రాశాయి. పల్లెలో మిరప రైతుకి తెలిసిన పేరు మిద్దె మీదకొచ్చేసరికి నామోషీ అయిపోయింది.

అన్నిటికంటే పైన త్రీజీ కటింగ్. తీగ తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి, వాటి తలలు కూడా తుంచితే మూడో తరం కొమ్మలొస్తాయి, సొర లాంటి తీగలకి ఆడ పూలు ఎక్కువగా అలాంటి పక్క కొమ్మల మీదే వస్తాయి కాబట్టి కాపు పెరుగుతుంది, ఇదీ విషయం. థర్డ్ జనరేషన్ కాబట్టి త్రీజీ. నేను గొప్పగా నాయనకి ఫోన్లో చెబితే అంతా విని "ఇప్పుడు ఫైవ్ జీ వచ్చింది కదమ్మా" అన్నాడు. నిజంగా అడిగాడో ఎగతాళో నాకు ఇప్పటికీ తెలీదు. మా అవ్వ చదువుకోలేదు, సొరపాదు తల గిల్లకుండా ఒక్క రోజూ వదిలేది కాదు, ఆ పనికి ఆమె పేరే పెట్టలేదు.

బ్రహ్మకమలం గురించి రాయకూడదనుకున్నా, రాస్తున్నా. ప్రతి వానాకాలం ఎవరో ఒకరు రాత్రి పదకొండింటికి హారతి పళ్ళెంతో సహా ఫోటో పెడతారు, హిమాలయాల్లో తప్ప పూయని పువ్వు మా ఇంట్లో పూసింది అని. హిమాలయాల్లో పూసేది వేరే, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అది, బాగా ఎత్తైన కొండల్లో పెరిగే చిన్న మొక్క. మన కుండీల్లో రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోయేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్, ఎడారి ముళ్ళ రకం కాదు, అడవిలో చెట్లని పట్టుకుని పెరిగే రకం. ఈ ముక్క ఒకసారి గ్రూపులో చెప్పా. మూడు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు, మా ఇంట్లో పూసినప్పుడు నేనే హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డా.

మొన్న ఆ రాజమండ్రి ఆవిడే మళ్ళీ ఫోన్ చేశారు. పోయినేడు జరిగినదానికి ఇంకా బాధపడుతున్నారంట, "మదనానప నారు ఉందండీ, మంచి రకం, ఈసారి పొరపాటు లేకుండా పంపిస్తా" అన్నారు. మదనపల్లె మనిషిని కదా, ఆ పేరు వినగానే ఇది మా ఊరి అనపలో ఏదో రకం అయ్యుంటుందని సగం సంబరపడిపోయా. అయినా బుద్ధొచ్చింది కాబట్టి ముందు ఫోటో పెట్టమన్నా.

బొప్పాయి.