స్విఫ్ట్ వెనుక బంపర్: ఎడమ మూల సందు ఇంకా 4 మిల్లీమీటర్లు

ఈ ఉదయం మా స్విఫ్ట్ కారు ఎడమ వెనుక చక్రం పక్కన, బంపర్ అంచుకూ బండి రేకుకూ మధ్య సందు కొలిస్తే 4 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త బంపర్ తొలిసారి తగిలించినప్పుడు అక్కడ 7 ఉండేది. తగ్గిన మాట నిజమే. కానీ కుడివైపు మొదటి నుంచి చివరి వరకు 2.5 ఉంటే ఎడమవైపు 4 ఉండటాన్ని పని పూర్తయినట్టు లెక్కవేయలేను. దారిన పోయేవారికి అది కనిపించకపోవచ్చు. నాకు మాత్రం గేటు తీయగానే చూపు నేరుగా ఆ మూలకే పోతోంది.

మిగతా పనంతా సాఫీగానే సాగింది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో తగిలి పగిలిన పాత బంపర్ ఊడి వచ్చింది, నంబరు ప్లేటు దీపం వెలుగుతోంది, డిక్కీ సరిగా మూసుకుంటోంది, కుడి మూల గీత గీసినట్టు కూర్చుంది. కొత్త బంపర్ విశాఖ ఆటోనగర్‌లో దొరికిన బయటి కంపెనీ సరుకు, నల్లటి ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టి ఉంది. కంపెనీ ఒరిజినల్‌తో పోలిస్తే ధర సగం కన్నా తక్కువ. ప్లాస్టిక్ మందం బాగానే ఉంది. తేడా అంతా అచ్చులోనే ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను.

సందు కొలవడానికి డ్రిల్ బిట్ల వెనుక కాడలు వాడాను. ఏ సైజు కాడ బిగుతుగా దూరితే అదే కొలత. ఎడమవైపు టెయిల్ ల్యాంపు కింద 3, మధ్యలో 5, చక్రం దగ్గర 7. అంటే పైన బిగింపు బాగుంది, ముందుకు వచ్చేకొద్దీ అంచు కిందికి జారుతోంది.

మొదట అనుమానించింది బండి రేకును. ఆటో తగిలినప్పుడు లోపలి రేకు కదిలి ఉంటుందనుకున్నాను. డిక్కీ తాళం కొక్కెం నుంచి రెండు చక్రాల దగ్గరి స్క్రూ రంధ్రాలకు స్టీలు టేపుతో కొలిస్తే రెండు వైపులా తేడా 1 మిల్లీమీటరు లోపే. రేకులో లోపం లేదు.

రెండో అనుమానం ఫెండర్‌కు (చక్రం మీది పక్క రేకుకు) బిగించే పక్క బ్రాకెట్ మీద. దాని కొక్కేలు బంపర్ అంచులోని రంధ్రాల్లోకి దూరి బరువు మోస్తాయి. పాతదానికి ఒక కొక్కెం కొస అరిగి ఉంది. ఒరిజినల్ బ్రాకెట్ తెప్పించి మార్చాను. సందు 7 నుంచి 6.5కు వచ్చింది, అంతే. అయినా ఈ ఒక్క భాగం విషయంలో నా సలహా మారదు: బంపర్ బయటిది కొన్నా బ్రాకెట్లు మాత్రం ఒరిజినల్‌వే కొనండి. ఖరీదు పెద్దగా ఉండదు, కొక్కేల కొలత నమ్మకంగా ఉంటుంది.

పాత బంపర్ పగిలింది కుడి సగంలో. ఎడమ కొస చెక్కు చెదరలేదు. మా బావమరిది రెండో వైపు పట్టుకోగా దాన్నే మళ్లీ తగిలించి చూశాను. కొత్త బ్రాకెట్ మీద పాత బంపర్ ఎడమ మూల 2.5 దగ్గర కూర్చుంది! రేకు, బ్రాకెట్ రెండూ నిర్దోషులని అక్కడితో తేలిపోయింది.

అప్పుడు రెండు బంపర్లనూ దుప్పటి మీద బోర్లా పెట్టి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ తీశాను. చూడాల్సింది రంధ్రం పై అంచుకూ బంపర్ అంచుకూ మధ్య దూరం. బంపర్ ఆ పై అంచు ఆధారంగానే కొక్కెం మీద వేలాడుతుంది. పాతదానికి అన్ని రంధ్రాల దగ్గరా 12 మిల్లీమీటర్లు. కొత్తదానికి కుడివైపు 12. ఎడమవైపు చక్రానికి దగ్గరగా ఉన్న మొదటి రంధ్రం దగ్గర 8.5, రెండో దాని దగ్గర 10.5, మూడోది 12. మొదటి రంధ్రం అంచున ప్లాస్టిక్ కొద్దిగా మడతపడి, పలుచగా సాగినట్టు ఉంది. అచ్చులోంచి వేడిగా ఉండగానే లాగి ఉంటారని నా ఊహ.

ఈ కొలతకు ముందే, వేడి గాలి చిమ్మే హీట్ గన్‌తో ఒక ప్రయత్నం జరిగింది. ఉపరితలం 90 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండేలా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసుకుంటూ కాచాను. ఈ బంపర్ ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్, అది 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పలుచటి అంచులు అంతకు ముందే వంకర పోతాయి, కాబట్టి థర్మామీటరు లేకుండా హీట్ గన్ ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. చెక్క ముక్క అడ్డం పెట్టి క్లాంపుతో పైకి బిగించి, తడిగుడ్డతో చల్లార్చాను. క్లాంపు తీయగానే 3 మిల్లీమీటర్లు. మర్నాడు ఉదయానికి 6! వేడి పైపొరకే అంది లోపలి పొర చల్లగా ఉండిపోతే ప్లాస్టిక్ తన పాత ఆకారానికి తిరిగిపోతుంది. పైగా ఇక్కడ లోపం వంపులో కాదు, రంధ్రం ఉన్న చోటులో. ఎంత కాచినా రంధ్రం చోటు మారదు.

మా వీధి చివరి టింకరింగ్ మేస్త్రి వచ్చి చూసి, "బాబూ, చక్రం దగ్గర బయటి నుంచి రెండు స్క్రూలు కొట్టేస్తే అదే కూర్చుంటుంది" అన్నారు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది, ఈ సలహా మీద మాత్రం లేదు. ఎండకు ఉక్కు కన్నా ఈ ప్లాస్టిక్ కనీసం అయిదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 1600 మిల్లీమీటర్ల బంపర్ 15 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు మూడో వంతు మిల్లీమీటరు కూడా పెరగని చోట ఇది మిల్లీమీటరున్నర పెరుగుతుంది. ఆ కదలికకు చోటివ్వడానికే కొక్కేలు, పొడవాటి రంధ్రాలు ఉన్నాయి. స్క్రూతో బిగించేస్తే వేసవిలో అక్కడే చీలుతుంది. సందును పొద్దున్నే ఎండ పడకముందు కొలుస్తున్నదీ ఇందుకే. మధ్యాహ్నం అంచు ఉబ్బి కొలతలు మారిపోతున్నాయి.

ఇక మిగిలిన దారి రంధ్రం పై అంచుకు పదార్థం చేర్చడం. ఫెవిక్విక్, ఎం-సీల్ ఇంకెన్ని పనులకు మంచివైనా పాలీప్రొపిలీన్‌ను పట్టుకోవు. అందుకే పాత బంపర్ లోపలివైపు నుంచి సన్నటి పట్టీ కోసి, దాన్నే వెల్డింగ్ కడ్డీగా వాడాను. వెనుక ముద్రించిన పీపీ (పాలీప్రొపిలీన్) గుర్తు రెండింటికీ ఒకటే, కాబట్టి కలిసిపోయాయి. సోల్డరింగ్ ఐరన్ చదును కొసతో రెండు పక్కలా ఒకేసారి కరిగేలా నొక్కుతూ మొదటి రంధ్రం పై అంచుకు 3.5 మిల్లీమీటర్లు చేర్చాను. కొక్కెం దూరడానికి కింది అంచును ఆకురాయితో అంతే అరగదీశాను. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. గోరు దూరే గీత కూడా లేకుండా అతుకు కుదిరింది. స్క్రూడ్రైవర్‌తో మెలిపెట్టినా ఊడలేదు.

దాని ఫలితమే ఈ ఉదయపు 4. 6 నుంచి 3.5 పోతే 2.5 రావాలి. మిగిలిన 1.5 రెండో రంధ్రంలో తక్కువైన 1.5 అని నా లెక్క. మొదటిది పైకి లేపుతున్నా రెండోది కిందికి పట్టి ఉంచుతోంది. వెర్నియర్ అంకెలు ఇంత చక్కగా సరిపోతుంటే ఆ రంధ్రం కూడా పూడ్చకుండా ఎలా ఉండగలను?

అది కుదిరాక, రంగుకు ముందే, రివర్స్ సెన్సార్లకు రంధ్రాలు పెట్టాలి. 2019 జులై నుంచి కొత్త కార్లకు అవి తప్పనిసరి. మాది 2014 బండి కాబట్టి లేవు. కిట్టుతో వచ్చే కట్టరునే వాడతాను, ఎందుకంటే సెన్సారు రబ్బరు దానికి సరిగ్గా సరిపోతుంది.

రంగు సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేణువులు పడే తీరును బట్టి ఛాయ మారుతుంది. అందుకే పాత బంపర్ ముక్క మీద ముందు నమూనా కొట్టి బండి పక్కన పెట్టి చూస్తాను. ప్లాస్టిక్ బయటపడ్డ చోట్ల రంగు పట్టుకునేందుకు అడ్హెషన్ ప్రమోటర్, రంగు పడకూడని చోట్లు కప్పే మాస్కింగ్‌కు త్రీఎం టేపు. చవక టేపుల జిగురు అంచున మిగిలిపోతుంది. పై పూత, గట్టిపరిచే హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్ (రంగులేని మెరుపు పూత). డబ్బా స్ప్రే క్లియర్ పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది కనుక గుడ్డ మాస్కు పనికిరాదు, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జి మాస్కు కొనాలి.

శ్రీకాకుళంలో ఈ పనికి అసలు శత్రువు గాలిలోని తేమ. వర్షాలు తగ్గాక, జనవరిలో మంచు విడిచిన తర్వాత పదకొండు గంటల నుంచి రెండు గంటల దాకా చూసుకోవాలి. ఈలోగా హెడ్‌లైట్ల పసుపు మరక తీయడానికి 800, 1500, 2500 నంబర్ల నీటి కాగితాలు (తడిపి రుద్దే గరుకు కాగితాలు) తెచ్చి ఉంచాను.