సాలూరు ఘాట్ ఎక్కాక డ్రోన్ సంగతి

సాలూరు దాటి ఘాట్ ఎక్కి పొట్టంగిలో టీకి ఆగాం. బ్యాగులో డ్రోన్ చూసి కొట్టాయన తెలుగులోనే అడిగాడు, "పర్మిషన్ ఉందా బాబూ?" అని. ఆ తర్వాత ఒడిశా కొరాపుట్ జిల్లాలో తిరిగిన మూడు రోజులూ గార్డులూ పోలీసులూ అడిగింది ఆ ఒక్క మాటే. బరువెంత, రిజిస్ట్రేషన్ నంబరుందా, ఎంత ఎత్తున ఎగరేస్తారు అని ఎవరూ అడగలేదు.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వ మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపించే చోట, 120 మీటర్ల ఎత్తు వరకూ ముందస్తు అనుమతి అక్కర్లేదు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి, అంటే నానోకి, పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్‌కి మాత్రం బరువు తక్కువని మాఫీ లేదు. అది కూడా అక్కర్లేదనుకునేవాళ్లే ఎక్కువ. ఇంకో తిరకాసు బ్యాటరీ. 249 గ్రాముల డీజేఐ మినీ 3 ప్రో డ్రోన్‌కి పెద్ద బ్యాటరీ తగిలిస్తే సుమారు 290 గ్రాములవుతుంది. అంటే నానో కాస్తా పై తరగతి మైక్రో అయిపోయి ఇన్సూరెన్స్ తప్పనిసరవుతుంది. ఘాట్ రోడ్డులో తూకం వేసేవాడెవడూ ఉండడు గానీ, ఎవరి తలమీదైనా పడితే మొదట బయటికొచ్చేది ఆ లెక్కే.

దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన శిఖరం. తెల్లవారుజామున చలికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. జేబులో పెట్టుకుని వెచ్చబెట్టి, లేపిన తర్వాత ఒక నిమిషం కళ్లముందే నిలిపి, అప్పుడు ముందుకి పంపాం. అక్కడ అసలు చిక్కు ఎత్తు లెక్క. రిమోట్‌లో కనిపించే ఎత్తు లేపిన చోటు నుంచి. రూలు చెప్పేది కిందున్న నేల నుంచి. యాప్‌లో 120 పెట్టి లోయ మీదికి పోనిస్తే, నేల వంద మీటర్లు దిగిన చోట మీరున్నది 220లో. కొండవాలు దిగేకొద్దీ డ్రోన్‌నీ దించుతూ పోవాలి.

డుడుమ దగ్గర ఈ లెక్క మరీ విడ్డూరం. జలపాతం సుమారు 175 మీటర్లు. పైగట్టున లేపి లోయమీదికి జరిపితే, తెరమీద ఎత్తు సున్నా అని ఉండగానే రూలు 55 మీటర్లు దాటేసినట్టు. సరే కదాని లోయలోకి దించితే గట్టు అడ్డొచ్చి సిగ్నల్ పోతుంది, రెండు వైపులా రాతిగోడలుండి జీపీఎస్‌కి అందే శాటిలైట్లు తగ్గుతాయి. అందుకే అంచున, డ్రోన్ కంటికి కనబడే చోటే నిలబడాలి. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను తిరిగొచ్చే ఎత్తు గట్టుమీది చెట్లకంటే పైన ఉండాలి, మేం 40 మీటర్లు పెట్టాం. తుంపర లెన్సు మీద పడటం చిన్న విషయం, మోటార్లలోకి వెళ్తేనే ప్రమాదం. అక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు తీగల్ని డ్రోన్ సెన్సర్లు పడతాయని నమ్మలేం. తీగ కోసం కాదు, టవర్ కోసం వెతుక్కోండి. టవర్ కనిపించిందంటే ఆ వైపు వద్దు.

ఆనకట్ట, పవర్‌హౌస్ పక్కన మాత్రం లేపకండి. మ్యాప్ ఏ రంగు చూపించినా అక్కడి సెక్యూరిటీ ఒప్పుకోదు, వాదించి గెలిచేదీ లేదు. ఒనకఢిల్లీ గురువారం సంత మీద కూడా వద్దు. అక్కడికొచ్చే బొండా గిరిజనుల్ని ఫొటో తీయడమే గొడవ, పైనుంచి తీయడం మరీ అన్యాయం. అడవిలో ఫారెస్టు వాళ్ల అనుమతి వేరే, గ్రీన్ జోన్ అన్న మాట అక్కడ చెల్లదు. సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజిన్ల కర్మాగారం ఉంది కాబట్టి బ్యాగు జిప్పు కూడా తీయలేదు.

జయపురంలో ఎయిర్‌పోర్టుంది. దాని హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా కుదరదు, 8 నుంచి 12 మధ్య 60 మీటర్లే. ఊరంతా దాదాపు ఆ వలయంలోకే వస్తుంది.

ఏ జోన్ ఎక్కడుందో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ముందురోజు చూస్తే చాలదు. ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (ఎగరేయకూడని చోటు) ప్రకటించొచ్చు. మంత్రుల పర్యటన ఉన్నా, గాలింపు జరుగుతున్నా అలా జరగొచ్చు. లేపే రోజు పొద్దున్నే సిగ్నల్ ఉన్నచోట తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, కొండమీద నెట్ దొరకదు. దాని ప్రింటు, రిజిస్ట్రేషన్ కాగితం, ఆధార్ ఒక కవర్లో పెట్టి, దగ్గరి స్టేషన్లో రైటర్‌కి చూపించి ఎక్కడ, ఎన్నింటికి ఎగరేస్తారో చెప్పండి. రూలు అడగదు గానీ, పది నిమిషాల పని. మేం మూడు చోట్ల ఇలా చెప్పాం. రెండు చోట్ల తలూపారు, మూడో చోట నంబరు రాసుకుని సాయంత్రం ఐదు తర్వాత వద్దన్నారు, దించేశాం.