గ్రీన్‌బర్గ్‌కి దక్కిన వేషం

మన బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా తెస్తున్న సంచిక కమిటీ తరఫున మన లీడర్ ఫోన్ చేసి, "రెండు పేజీలు రాయరా, కానీ వార్షికోత్సవం గొడవ వద్దు, దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు" అన్నాడు. పొడుగోడి సైకిల్ సంగతి, హాస్టల్ మెట్ల సంగతి కూడా ఎవరో ఒకరు రాసే ఉంటారు. నేను ఇంగ్లీష్ సార్ గురించి రాస్తాను. అందులోనూ ఆయన మనకి చూపించిన ఒక్క సినిమా గురించి.

ఆ దుప్పటి ఎవరిదో మీకు తెలుసు. దాన్నే తెరగా కట్టి, రీలు బాబాయ్‌ని ప్రొజెక్టర్ దగ్గర కూర్చోబెట్టి సార్ వేసిన సినిమా ఎర్న్‌స్ట్ లూబిష్ తీసిన 'టు బీ ఆర్ నాట్ టు బీ'. 1942 నాటిది. మొదట్లోనే పోలండ్ రాజధాని వార్సా నడివీధిలో హిట్లర్ ఒంటరిగా నిలబడి ఉంటాడు. జనం బిత్తరపోయి చూస్తుంటారు. తీరా అతను నాటకం కంపెనీలో చిన్నాచితకా వేషాలు వేసే బ్రాన్‌స్కీ. "నువ్వు హిట్లర్‌లా లేవు" అన్న డైరెక్టర్ మాట తప్పని రుజువు చెయ్యడానికి వేషంతోనే బయటికొచ్చాడు. ఒక చిన్నపిల్ల దగ్గరికొచ్చి "బ్రాన్‌స్కీ గారూ, ఆటోగ్రాఫ్ ఇస్తారా" అని అడిగేసరికి మన వెనక వరస మొత్తం లేచి నిలబడింది.

వాళ్ళు రిహార్సల్ చేస్తున్నది గెస్టపోని, అంటే నాజీల రహస్య పోలీసుల్ని, ఎండగట్టే నాటకం. హిట్లర్‌కి ఎక్కడ కోపం వస్తుందోనని పోలండ్ ప్రభుత్వమే దాన్ని ఆపించేస్తుంది. నాటకం ఆగింది గానీ యుద్ధం ఆగలేదు. 1939 సెప్టెంబరులో బాంబులు పడ్డాయి, థియేటర్ మూతపడింది. తర్వాత ఆ నటులే, ఆగిపోయిన ఆ నాటకం యూనిఫాంలే తొడుక్కుని, అసలు గెస్టపో వాళ్ళని బోల్తా కొట్టిస్తారు. అక్కడ సార్ రీలు ఆపించారు. "భయపడి ఆపేసిన నాటకమే ఇప్పుడు వీళ్ళ ప్రాణాలు నిలబెడుతోంది, గమనించారా?" అన్నారు. రీలు బాబాయ్ మళ్ళీ ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో, ఆ చీకట్లో ఏం జరిగిందో నేను రాయను.

సోమవారం క్లాసులో మనమందరం జోసెఫ్ ట్యూరా గురించే మాట్లాడాం. ఆ నాటకం కంపెనీలో హీరో, జాక్ బెన్నీ వేసిన వేషం. మెడ మీద కత్తి వేలాడుతున్నా, "మహానటుడు ట్యూరా పేరు వినే ఉంటారు కదా" అని శత్రువునే ఆరా తీసే మనిషి. సార్ అంతా విని, "మరి గ్రీన్‌బర్గ్ సంగతి?" అన్నారు. ఒక్కరం కూడా నోరు విప్పలేదు. ఆ పీరియడ్, ఆ తర్వాతి లెక్కల పీరియడ్ కూడా గ్రీన్‌బర్గే తీసుకున్నాడు. లెక్కల సార్ గుమ్మంలో నిలబడి విన్నారు, గుర్తుందా?

అదే కంపెనీలో గ్రీన్‌బర్గ్‌ది ఈటె పట్టుకుని వెనకాల నిలబడే వేషం. ఎప్పటికైనా షైలాక్, అంటే షేక్‌స్పియర్ 'మర్చెంట్ ఆఫ్ వెనిస్'లో అవమానాలు పడే యూదు వడ్డీవ్యాపారి, వేషం వెయ్యాలని ఆశ. "మాకు కళ్ళు లేవా? గుచ్చితే మాకు నెత్తురు రాదా?" అనే ఆ ప్రసంగం సినిమాలో మూడు చోట్ల వస్తుంది. మొదట తెర వెనక, వేషం దొరకని నటుడి కోరికగా. తర్వాత కూలిపోయిన వార్సాలో, బతుకు మీద ఫిర్యాదుగా. చివర, నాజీ సైనికులు నిండిన థియేటర్లో, నకిలీ హిట్లర్‌కి ఎదురుగా నిలబడి. ఆ మూడోసారి అది నాటకమని చుట్టూ ఉన్న సైనికులకి తెలియదు. జన్మలో దక్కని వేషం, ప్రాణానికి తెగించినచోట దక్కింది. ఆ పాత్ర వేసిన ఫెలిక్స్ బ్రెసార్ట్ కూడా 1933లో జర్మనీ వదిలి పారిపోయిన యూదుడేనని, లూబిష్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడని సార్ చెప్పినప్పుడు క్లాసు మొత్తం చూసే చూపు మారిపోయింది.

1942లో ఈ సినిమాని చాలామంది తిట్టారు. ట్యూరా షేక్‌స్పియర్‌ని ఏం చేశాడో మేమిప్పుడు పోలండ్‌ని అదే చేస్తున్నాం అని గెస్టపో అధికారి అనే జోకు, నిజంగా జనం చస్తున్న రోజుల్లో, ఎవరికైనా గుచ్చుకుంటుంది. పైగా విడుదలకి ముందు, ఆ జనవరిలోనే, హీరోయిన్ కరోల్ లాంబార్డ్ యుద్ధ బాండ్ల ప్రచారం నుంచి తిరిగొస్తూ విమాన ప్రమాదంలో చనిపోయింది. లూబిష్ మాత్రం వెనక్కి తగ్గలేదు. తాను నవ్వింది పోలండ్‌ని చూసి కాదని, నాజీలనీ, ఎంత ప్రమాదంలోనైనా నటులుగానే మిగిలిపోయే నటులనీ చూసి అని జవాబిచ్చాడు. నాకు ఆ జవాబు చాలా ఇష్టం. అధికారాన్ని వెక్కిరించే సినిమాలు చాలా ఉన్నాయి. అదే చూపుతో కళాకారుడి అహాన్ని కూడా చూసి, అయినా అతన్ని ప్రేమించే సినిమాలు తక్కువ.

చాప్లిన్ 'ది గ్రేట్ డిక్టేటర్' (1940) కూడా సార్ వేద్దామనుకున్నారు, ప్రింటు దొరకలేదు. కాన్సెంట్రేషన్ క్యాంపుల అసలు ఘోరం తెలిసి ఉంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడని మాత్రం చెప్పారు. తీసినందుకే నాకు ఆయనంటే గౌరవం. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, సొంత డబ్బుతో తీశాడు.

మనం విడిపోయిన చాలా ఏళ్ళకి నేను హంగరీ దర్శకుడు ఇస్త్వాన్ సాబో తీసిన 'మెఫిస్టో' చూశాను. 1981 సినిమా, ఆస్కార్ కూడా వచ్చింది. అందులో హెండ్రిక్ హోఫ్‌గెన్ గొప్ప నటుడు. స్నేహితులు ఒక్కొక్కరే మాయమవుతుంటే, తాను నటుణ్ణి మాత్రమేనని సర్దిచెప్పుకుంటూ నాజీల నీడలో పెద్ద పదవికి ఎక్కుతాడు. ఆ రాత్రే సార్‌కి ఉత్తరం రాశాను. జవాబుగా కార్డు మీద రెండు ముక్కలు: "హోఫ్‌గెన్‌కి అన్ని వేషాలూ దొరికాయి. గ్రీన్‌బర్గ్‌కి ఒక్కటే." ఆ కార్డు ఇప్పటికీ మా రిహార్సల్ గది గోడ మీద ఉంది.

2006లో ఇంకో విషయం బయటపడింది. హంగరీలో 1956 తిరుగుబాటు తర్వాత, విద్యార్థిగా ఉన్నప్పుడు, సాబో రహస్య పోలీసులకి తన తోటివాళ్ళ మీద రిపోర్టులు ఇచ్చేవాడట. ఒక క్లాస్‌మేట్‌ని కాపాడటానికే చేశానని ఆయన చెప్పుకున్నాడు. అప్పటికి సార్ లేరు. నేను 'మెఫిస్టో' మళ్ళీ చూశాను. హోఫ్‌గెన్ మీద కోపం తగ్గలేదు గానీ, ఆ సినిమా బయట నిలబడి తీసింది కాదని అర్థమైంది.

నా సంగతి కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నాటకాలు వేయిస్తున్నాను, పిల్లలకి నటన నేర్పుతున్నాను. దీనితోనే ఇల్లు నడిచింది, అమ్మాయి చదువూ అయ్యింది. ఒకసారి మా నాటకంలో ఒక సైన్యాధిపతి మీద ఉన్న సీను తీసేస్తేనే హాలు ఇస్తామన్నారు. తీయలేదు. చిన్న హాల్లో వేశాం, టెన్షన్‌గానే వేశాం, జనం మెట్ల మీద కూడా కూర్చుని చూశారు. మా దగ్గర చేరిన ప్రతి కొత్త పిల్లాడితో మొదట గ్రీన్‌బర్గ్ ప్రసంగం మూడు రకాలుగా చెప్పిస్తాను. మూడోది ఎవరికీ వెంటనే రాదు. పోయిన ఏడు ఒక అమ్మాయికి వచ్చింది.

ట్యూరా విషయంలో మాత్రం నాది సార్‌కి భిన్నమైన మాట. ఆయన ట్యూరాని కాస్త తక్కువ చేశారు. అంత అహం ఉన్న మనిషి, తనని గుర్తుపడితే చంపేస్తారని తెలిసి కూడా, గుర్తుపట్టకూడని వేషాల్లో శత్రువు గదిలోకి నడిచాడు. అది చిన్న విషయం కాదు. కలిసే రోజు సాయంత్రం ఈ సినిమా వెయ్యమని కమిటీకి చెప్పాను. 99 నిమిషాలే. భోజనాలకి ముందే వేస్తే, ఈ వాదన తేల్చుకోవడానికి రాత్రంతా ఉంటుంది.