ముక్కు వెంట నడక

కొండ మొదట్లోంచి వాగు దాకా దారి నాలుగు కిలోమీటర్లు. మనుషులు మాత్రమే నడిస్తే గంట చాలు. అడుగడుగునా ఆగి వాసన చూసే కుక్క వెంట ఉంది కాబట్టి మేము రెండున్నర గంటలు పెట్టుకున్నాం. వాగు దాటి శిఖరం కూడా ఎక్కాలన్న ఆలోచన ఇంట్లోనే కొట్టేశాం. కుక్కతో యాత్ర వేసుకునేటప్పుడు చేయాల్సిన మొదటి పని ఇదే: దూరం సగానికి తగ్గించడం, చూడాల్సినవి రెండుంటే ఒకటి వదిలేయడం. ఈ లెక్క కుదరకపోతే దారంతా లాగుడే అవుతుంది, అటు కుక్కకీ సుఖం ఉండదు, ఇటు మనిషికీ ఉండదు.

కారులో మొదటి అంకం. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే మామూలులో సగం తిండి పెట్టేశాం. నిండు కడుపుతో మలుపులు తిరిగితే వాంతి అయ్యే అవకాశం ఎక్కువ. పెదాలు నాక్కోవడం, చొంగ కారడం, పదేపదే ఆవలించడం దానికి ముందు సూచనలు. అవి కనబడగానే బండి ఆపి కాసేపు నేల మీద నడిపిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సీటు బెల్టు హార్నెస్‌కే, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకే తగిలించాలి. కాలర్‌కి తగిలిస్తే గట్టిగా బ్రేకు పడినప్పుడు భారమంతా మెడ మీద పడుతుంది. కిటికీలోంచి తల బయటపెట్టిన కుక్క ఫోటోలో ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ వేగంలో ఒక్క ఇసుక రేణువు చాలు కన్ను చెడడానికి. అద్దం రెండు వేళ్ల సందు దించితే వాసనలు లోపలికే వస్తాయి. రెండు గంటలకోసారి ఆగాం. ఆగిన చోట బండి మూసి దాన్ని లోపల వదలడమన్నది లేదు. బయట 24 డిగ్రీలే ఉన్నా మూసిన కారులో పది నిమిషాల్లోనే మరో పది డిగ్రీలు పెరుగుతుంది.

దారి మొదట్లోనే ఐదు మీటర్ల లీష్‌కి, అంటే కుక్కని పట్టుకునే పొడవాటి తాడుకి మారాం. పొట్టి లీష్‌తో కుక్క మనిషి నడకకి కట్టుబడిపోతుంది. సన్నని తాడు తనంతట చుట్టుకునే రకం లీష్ మాకు నచ్చదు: ఎప్పుడూ బిగువుగా ఉండి లాగడమే నేర్పుతుంది, పైగా చర్మానికి రాసుకుంటే ఒరుసుకుపోతుంది. పొడవాటి లీష్‌ని చేతిలో మడతలుగా పట్టుకోవాలి, వేళ్లకి చుట్టుకోకూడదు. ఉడుత కనబడి కుక్క ఉరికితే విరిగేది ఆ వేళ్లే.

పదడుగులు వెయ్యకముందే కుక్క ఒక మోడు దగ్గర ఆగింది. ముందు దూరం నుంచే మెడ చాచి చూసింది. తర్వాత ముక్కు బెరడుకి దాదాపు ఆనించి, చిన్న చిన్న ఊపిరులతో ఒకే చోట. కుక్క వాసన పట్టేటప్పుడు సెకనుకి ఐదు సార్లు దాకా పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కనుండే చీలికల్లోంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. మధ్యమధ్య నాలుకతో ముక్కు తడుపుకుంటుంది, ఎందుకంటే తడి మీద వాసన కణాలు బాగా అంటుకుంటాయి. మోడు చుట్టూ తిరిగి, నేల మట్టంలో ఒక వేరు దగ్గర ఎక్కువసేపు ఉండి, కాలెత్తి, ఒళ్లు విదిలించుకుని కదిలింది. అక్కడి పని అయిపోయిందనడానికి ఆ విదిలింపే గుర్తు. అంతకుముందే లాగితే పని సగంలో ఆగిపోతుంది, రోజూ లాగితే కుక్క హడావిడిగా వాసన చూసి పరిగెత్తడం అలవాటు చేసుకుంటుంది. కుళ్లిన కళేబరం, ఎలుకల మందు చల్లిన చోటు, కాలు కనబడనంత గడ్డి ఎదురైతే మాత్రం మొహమాటం లేకుండా పక్కకి తీసుకుపోవాలి.

అది ఆగిన ప్రతిచోటా మనిషి ఫోన్ తీస్తే ఈ ప్రయాణం వృథా. మేము ఫోన్లు సంచి అడుగున పెట్టేశాం. ఊరికే నిలబడితే చెంప మీద గాలి ఎటునుంచి తగులుతోందో తెలిసింది. కుక్క తలెత్తినప్పుడల్లా గాలి దిశ మారిందేమో అని గమనించాం. మోకాళ్ల మీద కూర్చుని మనమూ వాసన చూడొచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. తడి మట్టి వాసనకి కారణం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్. దాన్ని అతి తక్కువ మోతాదులో కూడా పట్టగల ముక్కు మనిషిది. నీడలోని మట్టికీ ఎండలోని మట్టికీ తేడా అక్కడే తెలిసిపోయింది.

కుక్కలు ఈ క్షణంలోనే బతుకుతాయంటారు. అంత నిజం కాదు. సంచి సర్దుతుంటేనే ప్రయాణమని పసిగడతాయి, భయపెట్టిన చోటుని గుర్తుంచుకుంటాయి. మనం నేర్చుకోదగ్గది వేరే ఉంది: ఒక వాసన పూర్తయ్యేదాకా రెండోది ముట్టుకోకపోవడం.

పొద్దెక్కాక వేగం ఇంకా తగ్గించాం. రొప్పే కుక్కకి వాసన సరిగ్గా అందదు, నోటితో ఊపిరి తీస్తూ ముక్కుతో శోధించడం కష్టం. అందుకే నీడలో చల్లబడనిచ్చి కదిలాం. బండరాయి మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాల మెత్తలు కూడా ఓర్చుకోలేవు. మామూలు రోజున కిలో బరువుకి సుమారు 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, అంటే 20 కిలోల కుక్కకి 1.2 లీటర్లు. నడక కాబట్టి రెండు లీటర్లు మోశాం, ఒకేసారి గిన్నె నింపకుండా కొద్దికొద్దిగా తాగించాం. నాలుక వెడల్పయి వేలాడటం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, అడుగులు తూలడం వడదెబ్బ లక్షణాలు. అప్పుడు వెంటనే ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనిస్తూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. తడి గుడ్డ కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. పొట్టి ముక్కు జాతులతో ఇలాంటి దారులు పెట్టుకోకపోవడమే మేలు.

వాగు దగ్గర విశ్రాంతి సమయాన్ని పిడుదులు వెతకడానికి వాడుకున్నాం. చెవుల లోపల, కాలర్ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో వేళ్లతో తడమాలి, కంటితో చూస్తే దొరకవు. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె పూయడం, కాల్చడం లాంటివి చేస్తే అది కుక్క ఒంట్లోకి ఉమ్మి వదిలే ప్రమాదం ఉంది.

తిరుగు దారి అదే కదా, తొందరగా అయిపోతుందని లెక్కేసుకోకూడదు. పొద్దున చూసిన చోట్లన్నీ మళ్లీ చూస్తుంది, మధ్యలో ఎవరెవరో నడిచిపోయి ఉంటారు. చీకటి పడకముందు కొండ దిగాలంటే వచ్చేటప్పుడు పట్టినంత సమయం చేతిలో ఉండగానే వెనక్కి మళ్లాలి. మేము వాగు దగ్గర నుంచి ఆ లెక్కతోనే లేచాం.