చెట్లలా నడిచే మనుషులు

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఆటో ఎక్కితే కాసేపటికే ఆంధ్రలోని పాతపట్నం, మా అమ్మ వాళ్లిల్లు. పుట్టిల్లు అంత దగ్గరలో ఉండబట్టేనేమో, పెళ్లై పదకొండేళ్లయినా నాకు ఒడియా సరిగ్గా పట్టుబడలేదు.

పాప చదివేది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు రాత్రి ప్రార్థన వేళ నేనే నేర్పుతున్నాను. ఒడియాలో ‘ఠ’ మన సున్నలా గుండ్రంగా ఉంటుంది. అందుకని ‘అంధుడు’ దాని నోట ‘అఠధుడు’ అవుతుంది. నవ్వాపుకోవడం కష్టం.

మొన్న మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయం చదివాం. బేత్సయిదాలో యేసు ఒక గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్తాడు. కళ్లమీద ఉమ్మి, చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడుగుతాడు. మనుషులు కనిపిస్తున్నారు గానీ చెట్లు నడుస్తున్నట్టున్నారు అంటాడతను. మళ్లీ చేతులుంచాక అంతా తేటగా కనిపిస్తుంది. ఇలా రెండు విడతల్లో చూపొచ్చిన కథ మార్కు ఒక్కడే రాశాడు.

“మొదటిసారి యేసుకి సరిగ్గా కుదరలేదా అమ్మా?” అంది పాప.

ఏం చెప్పను? నా మనసు మాత్రం ఆ మనిషి జవాబు దగ్గరే ఆగిపోయింది. మొహమాటానికి “బాగా కనిపిస్తోంది” అనేయొచ్చు కదా! అంతకు కొంచెం ముందే యేసు, కళ్లుండీ చూడరా అని శిష్యులను మందలించాడు. తమకు కనిపించడం లేదన్న సంగతే వాళ్లకు తెలియదు. ఇతనికి తన చూపు ఎంతవరకు వచ్చిందో తెలుసు. ఎరుక అంటే అదేననిపించింది నాకు.

అప్పుడు గుర్తొచ్చింది నా సంగతి. పోయిన నెల బడి మీటింగులో టీచరు గారు ఏం చెప్పినా “ఆజ్ఞా, ఆజ్ఞా”, అంటే సరేనండి సరేనండి, అని తలూపి వచ్చేశాను. ఆధార్ జిరాక్సు తెమ్మన్నారని తెలియక పాప రెండుసార్లు మాట పడింది. అదీ నాలాగే. క్లాసులో తెలియకపోయినా తెలిసిందనే అంటుంది, అమ్మమ్మ దగ్గర సామెతలకూ అంతే.

“నీకూ చెట్లలాగే కనిపిస్తాయా?” అనడిగాను.

“ఒడియా పద్యాలు. లెక్కలు కాదు” అంది, కాస్త రోషంగా.

నిన్న మళ్లీ మీటింగు. సగం విన్నాక నోరు తెరిచాను. “అధా బుఝిలి, ఆఉ థరే కుహంతు.” సగమే అర్థమైంది, ఇంకోసారి చెప్పండి అని. టీచరు గారు నవ్వి, నెమ్మదిగా మొదటినుంచీ చెప్పారు. పక్కన పాప సిగ్గుతో తల దించుకుని నా కొంగు లాగుతూనే ఉంది.